తాళం లేని పెట్టె

పోయిన డిసెంబరులో మా టీమ్ లంచ్‌లో ఒక వాదన మొదలై, ప్లేట్లో బిర్యానీ చల్లారిపోయేదాకా సాగింది. మాతో పనిచేసే ఒకతను తెలుగువాడే, కానీ పుట్టి పెరిగిందంతా న్యూజెర్సీలో. చిన్నప్పుడు ఎవరేం ఆడారన్న కబుర్లలో నేను కాంట్రా అనే వీడియోగేమ్ పేరు చెప్పాను. అతనూ కాంట్రాయే అన్నాడు. ఆ ఆటలో ఎక్కువ లైఫులిచ్చే బటన్ల వరసని ఇద్దరం ఒకేసారి "అప్ అప్ డౌన్ డౌన్ లెఫ్ట్ రైట్ లెఫ్ట్ రైట్" అని మంత్రంలా వల్లించేసరికి పక్కవాళ్ళు వింతగా చూశారు. అంతవరకు అన్నదమ్ముల్లా ఉన్నాం. అప్పుడతను "మీ ఇంట్లో నింటెండో ఉండేదా?" అనడిగాడు. నింటెండో అన్న పేరు నేను మొదటిసారి విన్నది ఇంజినీరింగ్ సెకండియర్లో అని చెప్పి, మా ఇంట్లో ఉన్న వీడియోగేమ్ పెట్టె ఎలా ఉండేదో వర్ణించాను. నవ్వి, "ఓ, నకిలీదా!" అన్నాడు.

చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. అయినా ఎక్కడో గుచ్చుకుంది. అక్కడ ఏమీ తోచలేదు, మెట్రో ఎక్కాక జవాబు తోచింది. ఆ జవాబే ఇది. కాస్త పొడుగు.

మా పెట్టె 1998 వేసవి సెలవుల్లో వచ్చింది. మాది తణుకు. నాన్న పని మీద విజయవాడ వెళ్ళి, వస్తూ వస్తూ బీసెంట్ రోడ్డులో కొన్నాడు. నల్లటి ప్లాస్టిక్ పెట్టె, పైన గుండ్రటి వలయం, ఇంగ్లీషులో ఏదో హాలీవుడ్ సినిమా పేరు. (ఆ ఆకారం సెగా అనే ఇంకో కంపెనీ అమ్మిన మెగా డ్రైవ్‌ని చూసి చేసిందని ఇరవయ్యేళ్ళ తర్వాత తెలిసింది. అంటే లోపల సరుకు ఒకరిది, పైన చొక్కా మరొకరిది.) రెండు రిమోట్లు, ఒక తుపాకీ, "9999 ఇన్ 1" అని రాసి ఉన్న పసుప్పచ్చ క్యాసెట్. కంట్రోలర్, కార్ట్రిడ్జ్ అనే మాటలు మాకు తెలీవు. రిమోట్, క్యాసెట్, అంతే. టీవీ వెనక యాంటెనా వైరు పీకి ఈ వైరు గుచ్చి, చుక్కల్లోంచి బొమ్మ తేలేదాకా ఛానల్ ట్యూన్ చేయాలి. ఆ పని మా బావది, అంటే మేనత్త కొడుకు. తొమ్మిదో తరగతి. ఒకటో నంబరు రిమోట్ మీద హక్కు కూడా అతనిదే. అప్ అప్ డౌన్ డౌన్ మంత్రం నాకు ఉపదేశించిందీ అతనే. అతనికి ఎవరు చెప్పారో నేను అడగలేదు. మంత్రాలకి అలా అడగకూడదు కదా.

"పిక్చర్ ట్యూబ్ పోతుందిరా" అనేది అమ్మ గంటకోసారి. ఆ రోజుల్లో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఉండేది. అందులో పిసరంత నిజం లేకపోలేదు. కదలని బొమ్మని రోజుల తరబడి అలాగే ఉంచేస్తే ట్యూబు మీద మచ్చ పడుతుంది. కానీ మా మారియో ఎక్కడ కుదురుగా నిలబడ్డాడు గనక!

ఇక ఆ పెట్టె ఎవరిదో చెప్పాలి. దాని అసలు పేరు ఫ్యామిలీ కంప్యూటర్. జపాన్ వాళ్ళకి మాటల్ని కుదించడం అలవాటు, ఫ్యామికామ్ అయింది. ఆ కుదింపు పేరు సూచించింది దాన్ని తయారుచేసిన ఇంజినీర్ భార్య అంటారు. క్యోటోలోని నింటెండో కంపెనీ దాన్ని 1983 జూలై 15న, 14,800 యెన్లకి అమ్మకానికి పెట్టింది. సరిగ్గా అదే రోజున సెగా కూడా తన ఎస్‌జీ-1000 అనే పెట్టెని 15,000 యెన్లకి దింపింది. నింటెండో అప్పటికే తొంభై ఏళ్ళు దాటిన సంస్థ. 1889లో హనఫుదా అనే పువ్వుల బొమ్మల పేకలు చేస్తూ మొదలైంది. పేకముక్కల కంపెనీ వాళ్ళే పిల్లల చేతికి ఆటలు ఇచ్చారంటే మా నాన్నమ్మ "నేను అప్పుడే చెప్పాను" అనేది తప్పకుండా.

ఆ ఇంజినీర్ పేరు మసయుకి ఉఎమురా. ఆయన మొదట షార్ప్ కంపెనీలో పనిచేసేవాడు. వెలుతురు పడితే పసిగట్టే సెల్స్ అమ్మడానికి నింటెండో గడప తొక్కి, చివరికి అక్కడే ఉద్యోగంలో చేరిపోయాడు. ఆ సెల్స్‌తోనే నింటెండో 1970లో బొమ్మ తుపాకీలు చేసింది. ఈ తుపాకీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 1981లో కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి ఆయనకి చెప్పిన పని ఒక్కటే: టీవీకి తగిలించుకుని, క్యాసెట్లు మార్చుకుంటూ ఆడే పెట్టె కావాలి, చవగ్గా ఉండాలి, అవతలివాళ్ళు ఏడాది దాకా దరిదాపుల్లోకి రాకూడదు.

చవకదనం దగ్గరే అంతా ఉంది. ఫ్యామికామ్ మెదడు ఆ కాలానికే పాతది. 1975లో అమెరికాలో మాస్ టెక్నాలజీ అనే సంస్థ 6502 అనే ప్రాసెసర్ని 25 డాలర్లకే అమ్మి మార్కెట్‌ని ఉలిక్కిపడేలా చేసింది. ఆపిల్ టూ కంప్యూటర్ దాని మీదే నడిచింది. నింటెండో కోసం రికో కంపెనీ ఆ 6502నే తీసుకుని, పక్కన శబ్దాల సర్క్యూట్ చేర్చి, కొత్త చిప్పు చేసింది. వేగం 1.79 మెగాహెర్ట్జ్. పని చేసుకోవడానికి మెమరీ 2 కేబీ, బొమ్మల కోసం ఇంకో 2 కేబీ. తెలుగులో ఒక్కో గుర్తుకి కంప్యూటర్ మూడు బైట్లు ఖర్చు పెడుతుంది కాబట్టి, మీరిప్పుడు చదువుతున్న ఈ పేరా మొత్తం ఆ 2 కేబీలో పట్టదు. ఇక్కడొక తమాషా ఉంది. 6502లో దశాంశ పద్ధతిలో లెక్కలు చేసే భాగం ఒకటి ఉంటుంది. రికో చిప్పులో ఆ సర్క్యూట్ ఉంది గానీ తెగ్గొట్టేసి ఉంది. పేటెంట్ గొడవ తప్పించుకోవడానికి అలా చేశారని చాలామంది నమ్మకం. అదే నిజమైతే, మా కొలీగ్ "అసలుది" అని గర్వంగా చెప్పుకున్న పెట్టె గుండెకాయలోనే ఒక చిన్న గడుసుతనం దాగి ఉందన్నమాట.

అంత తక్కువ సరంజామాతో ఏం చేశారో చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. తెర మీద ఒకేసారి కనిపించగలిగేవి 25 రంగులు. కదిలే బొమ్మముక్కలు మొత్తం 64, అందులోనూ ఒకే అడ్డగీత మీద ఎనిమిదికి మించి నిలబడలేవు. తొమ్మిదోది మాయమైపోతుంది. ఎప్పుడూ ఒకే బొమ్మ మాయమైతే ఆడేవాడికి అన్యాయం కదా, అందుకని ప్రోగ్రామర్లు వంతులు వేశారు. ఈ క్షణం ఒకటి కనపడకపోతే మరుక్షణం ఇంకోటి. కాంట్రాలో గుళ్ళు ఎక్కువైనప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమనేవి గుర్తుందా? మా ఇంట్లో దానికి కారణం "ఓల్టేజి లేదు". బావ వెళ్ళి స్టెబిలైజర్ మీద ఒక దెబ్బ కొట్టేవాడు. కారణం మాత్రం క్యోటోలో ఉంది.

1985 సెప్టెంబరు 13న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం ఆట 40 కేబీ. ముప్పై రెండు స్టేజీలు, పాటలు, తాబేళ్ళు, పుట్టగొడుగులు, యువరాణి, అన్నీ కలిపి. ఈ పొద్దున మా బాబాయ్ వాట్సాప్‌లో పంపిన శుభోదయం గులాబీ 140 కేబీ ఉంది. ఆ ఆటలో ఆకాశంలో మబ్బు, నేల మీద పొద, రెండూ ఒకటే బొమ్మ. తెల్ల రంగేస్తే మబ్బు, ఆకుపచ్చేస్తే పొద. మా ఇంట్లో పాత చీర మొదట కిటికీకి కర్టెన్ అయ్యేది, తర్వాత బొంతలోకి వెళ్ళేది, ఆఖరికి టీవీ మీద కప్పే గుడ్డగా తేలేది. షిగేరు మియమోటో, తకాషి తెజుకా ఆ ఆటలో చేసిన సంసారం ఈ లెక్కలోదే. మబ్బు, పొద ఒకటేనని తెలిశాక ఆట తేలిపోతుందనుకున్నాను. ఇంకా ఎక్కువ నచ్చింది.

అన్నీ అద్భుతాలేం కాదు. డబ్బు మిగుల్చుకోవడానికి రిమోట్ల వైర్లని పెట్టెకే శాశ్వతంగా అతికించేశారు. ఒక వైరు తెగితే మొత్తం పెట్టె రిపేరుకి మోయాలి. మా నకిలీ పెట్టెలో రిమోట్లు ఊడదీయొచ్చు. ఈ ఒక్క విషయంలో నకిలీకే నా ఓటు. డాంకీ కాంగ్ ఆటని ఇంట్లో ఆడించడం కోసమే పుట్టిన యంత్రం అయినా, బయట నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రంలో ఆ ఆటకి నాలుగు స్టేజీలుంటే ఇంటికి వచ్చేసరికి మూడే మిగిలాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. మొదటి విడత పెట్టెలు చిప్పులో లోపం వల్ల ఆట మధ్యలో బిగుసుకుపోతుంటే, నింటెండో వాటిని వెనక్కి రప్పించి లోపలి బోర్డులు మార్చి ఇచ్చింది. మా పెట్టె అడాప్టర్ నాలుగో రోజు కాలిపోతే, కొన్న షాపాయన "ఆటవస్తువులకి గ్యారంటీ ఏంటండీ" అని నాన్నని ఎగాదిగా చూశాడట. అసలుకీ నకిలీకీ తేడా నాకు కనిపించేది ఇలాంటి చోట.

అమెరికా కథ నాకు పెద్దగా పట్టదు, అందరూ చెప్పేదే. 1983లో అక్కడ వీడియోగేమ్ వ్యాపారం కుప్పకూలింది. చెత్త ఆటలు గుట్టలుపడి, అటారీ కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లని న్యూమెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టింది. 2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. షాపులవాళ్ళు వీడియోగేమ్ మాటెత్తితేనే తలుపేసుకునే రోజుల్లో, నింటెండో తన ఫ్యామికామ్‌కి వీసీఆర్ లాంటి బూడిదరంగు వేషం వేసి, ఒక బొమ్మ రోబోని పక్కన నిలబెట్టి, 1985 అక్టోబరులో న్యూయార్క్ బజారుకి తెచ్చింది. పేరు నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్, కుదిస్తే ఎన్ఈఎస్. మా కొలీగ్ ఇంట్లో ఉన్నది అది. ప్రపంచం మొత్తం మీద రెండు వేషాలూ కలిపి 6 కోట్ల 19 లక్షలు అమ్ముడయ్యాయి.

నా జవాబు ఇక్కడే మొదలవుతుంది. ఆ బూడిదరంగు పెట్టెకి తాళం ఉంది. పెట్టెలో ఒక చిప్పు, ప్రతి క్యాసెట్లో ఒక చిప్పు. స్విచ్ వేయగానే రెండూ ఒకదానికొకటి ఒకే అంకెల వరస చెప్పుకోవాలి. అంకె తప్పితే, ఇది మనవాళ్ళ క్యాసెట్ కాదని పెట్టె సెకనుకోసారి ఆగి మళ్ళీ మొదలవుతుంటుంది, ముందు ఎర్రలైటు టిప్పుటిప్పుమని వెలుగుతుంది. దొంగ క్యాసెట్లని ఆపడానికీ, ఎవరు ఆటలు అమ్మాలో తానే నిర్ణయించడానికీ పెట్టుకున్న తాళం అది. అమెరికాలో ఒక్కో కంపెనీకి ఏడాదికి ఐదు ఆటలే అనుమతి. అయితే వీసీఆర్ వేషం కోసం క్యాసెట్‌ని ముందునుంచి తోసి కిందికి నొక్కే పద్ధతి పెట్టడంతో, కొన్నాళ్ళకి లోపలి పిన్నులు వదులైపోయి, సొంత క్యాసెట్లకి కూడా అంకె తప్పేది. అమెరికా పిల్లలందరూ క్యాసెట్లోకి ఉఫ్ ఉఫ్ అని ఊదింది అందుకే. ఊదితే లాభం లేదు, పైగా ఉమ్మి తడికి పిన్నులు తుప్పుపడతాయి. తీసి మళ్ళీ పెట్టడమే పనిచేసేది. కొలీగ్ ఊదాడు. తణుకులో మేమూ ఊదాం. అతను తాళం వల్ల ఊదాడు, మేము నాసిరకం పిన్నుల వల్ల ఊదాం.

జపాన్ ఫ్యామికామ్‌కి ఆ తాళం లేదు. పిన్నులు 60, పైనుంచి నేరుగా గుచ్చడమే, అడిగే నాథుడు లేడు. చవగ్గా ఉండాలన్న పట్టుదల, పాత ప్రాసెసర్, చిన్న మెమరీ, తాళం లేని నోరు. ఈ నాలుగూ కలిసిన వస్తువుని నకలు తీయడం తైవాన్ చిప్పుల కంపెనీలకి కష్టమేం కాలేదు. 1980లు గడిచి 90లు వచ్చేసరికి మొత్తం ఫ్యామికామ్‌ని, అంటే ప్రాసెసర్, బొమ్మల చిప్పు, శబ్దం, అన్నిటినీ ఒకే ఒక్క చిప్పులోకి కుదించేశారు. దానికి ఖరీదైన తొడుగు కూడా లేకుండా నేరుగా బోర్డు మీద అంటించి, పైన నల్లటి జిగురు బొట్టు పెట్టారు. అడాప్టర్ కాలిన రోజు బావా నేనూ స్క్రూలు విప్పి చూశాం. అంత పెద్ద పెట్టెలో అరచేతి వెడల్పు బోర్డు, దాని మధ్యలో ఒక నల్ల చుక్క. పసిపిల్ల బుగ్గ మీద దిష్టిచుక్కలా. మిగతాదంతా ఖాళీ. "మోసం రా" అన్నాడు బావ. నాకేమో, ఇంత ఖాళీలోంచి కాంట్రా అడవి ఎలా వస్తోందా అన్న ఆశ్చర్యం. నేను ఎలక్ట్రానిక్స్ బ్రాంచి తీసుకోవడానికి కారణం ఏదైనా ఉంటే ఆ చుక్కే.

ఆ చుక్క ఒక్క తణుకుకే రాలేదు. రష్యాలో 1992 నుంచి డెండీ అనే పేరుతో, బొమ్మ ఏనుగు గుర్తుతో వచ్చింది. అక్కడ ఒక తరం మొత్తం వీడియోగేమ్ అనడానికి డెండీ అనే అనేది. పోలండ్‌లో పెగాసస్. చైనాలో కీబోర్డు తగిలించి, చదువుకునే యంత్రమని సుబోర్ పేరుతో అమ్మారు, జాకీ చాన్ ప్రకటనల్లో కనిపించాడు. మన దగ్గరా కీబోర్డు రకం వచ్చింది. "కంప్యూటర్ కొనిపెట్టండి నాన్నా, టైపింగ్ నేర్చుకుంటాను" అని కొనిపించుకున్నవాళ్ళు మా క్లాసులోనే ముగ్గురున్నారు. టైపింగ్ వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆ మాటని తప్పుపట్టలేం. అసలుదాని పేరే ఫ్యామిలీ కంప్యూటర్.

మా కొలీగ్‌కి ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది విని ఆశ్చర్యపోతాడు. ఆ రోజుల్లో జపాన్, అమెరికా టీవీలు సెకనుకి అరవైసార్లు తెరని గీసేవి. మన టీవీలు యాభైసార్లు. ఈ ఆటల్లో లెక్కంతా తెర గీయడం మీదే నడుస్తుంది, ఒకసారి గీస్తే మారియో ఒక అడుగు. మన దగ్గర నడవాలని చేసిన నకిలీ చిప్పుల్లో జపాన్ క్యాసెట్లు చెడకుండా ఉండేలా సమయాలు సర్దారు గానీ, యాభైని అరవై చేయలేరు కదా. అంటే మేము ఆడిన మారియో అసలు మారియో కన్నా ఆరో వంతు నెమ్మది. పాట కూడా అంతే నెమ్మదిగా సాగేది. కోజి కొందో కట్టిన ఆ బాణీని మొదటిసారి అసలు వేగంలో విన్నప్పుడు, ఎవరో ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కారనుకున్నాను. నా చెవికి ఇప్పటికీ తణుకు వేగమే సరైన వేగం. ఆ నెమ్మది పాట తప్పుడు పాటా? రష్యాలో, పోలండ్‌లో, ఇక్కడ ఎంతోమంది పిల్లలకి వినిపించింది అదే.

సరే, ఇప్పుడు అతని వైపు నుంచి మాట్లాడతాను. ఎందుకంటే ఆ రోజు అతను రెండో మాట కూడా అన్నాడు: "మరి ఆ ఆటలు చేసినవాళ్ళకి మీరు పైసా ఇచ్చారా?"

ఇవ్వలేదు. నాన్న ఇచ్చిన డబ్బు బీసెంట్ రోడ్డు షాపాయనకి, అతని వెనకున్న వాళ్ళకి చేరింది తప్ప క్యోటోకి ఒక్క యెన్ కూడా వెళ్ళలేదు. "మాకు అసలుది కొనుక్కునే దారి లేదు" అనడం నిజమే గానీ అది జవాబు కాదు. ఇందులో అతనిదే పైచేయి. అయితే డబ్బు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటుంది. మా కాలేజీలో చదువు మొత్తం జిరాక్స్ పుస్తకాల మీదే నడిచింది. పేజీకి అర్ధరూపాయి. జిరాక్స్ తీయించేటప్పుడు అట్ట, ముందు నాలుగైదు పేజీలు వదిలేసేవాళ్ళం, రెండు రూపాయలు మిగులుతాయని. రచయిత పేరు ఉండేది ఆ పేజీల్లోనే. నాలుగేళ్ళు ఒక మనిషి రాసిన పుస్తకం చదివి, పరీక్షలు పాసై, ఆయన పేరేంటంటే నోరెళ్ళబెట్టినవాళ్ళం మేము. మా పసుప్పచ్చ క్యాసెట్ కూడా అచ్చం ఆ జిరాక్సే. ఆట మొదటి తెర మీద ఉండాల్సిన కంపెనీ పేరు, సంవత్సరం చెరిపేసి ఉండేవి. కొన్నిట్లో ఆట పేరే మార్చేశారు. నామ్కో సంస్థ 1985లో చేసిన బ్యాటిల్ సిటీ, కొంచెం మార్పులతో మా చేతికి ట్యాంక్ 1990 పేరుతో వచ్చింది. ఇటుకగోడల మధ్య గద్దబొమ్మని కాపాడుకునే ఆ ఆటకి ఒక తల్లీతండ్రీ ఉంటారన్న ఆలోచనే మాకు రాలేదు. వానలాగా, మామిడికాయలాగా, ఆట కూడా ఎక్కడినుంచో వస్తుంది, అంతే అనుకున్నాం.

తాళం లేకపోవడం వల్ల ఆట మా దాకా వచ్చింది. ఆ దారిలోనే పేర్లు రాలిపోయాయి. ఈ రెండిట్లో ఒకదాన్ని ఒప్పుకుని ఇంకోదాన్ని దాటేయడం నాకు చేతకావడం లేదు. కాబట్టి నకిలీ అన్న మాటకి నేను కోపగించుకోను గానీ, ఆ ఒక్క మాటతో మా పెట్టె కథ తేలిపోతుందంటే మాత్రం ఒప్పుకోను.

పేర్లు ఒక్కోటీ తర్వాత తెలిశాయి, చాలావరకు ఉద్యోగంలో చేరాక, రాత్రుళ్ళు నిద్రపట్టనప్పుడు. బెలూన్లు కట్టుకుని ఎగిరే బెలూన్ ఫైట్ ఆటని ఎన్ఈఎస్ కోసం ప్రోగ్రామ్ చేసినవాడు సతోరు ఇవాతా. తర్వాత ఆయనే నింటెండో అధ్యక్షుడయ్యాడు, 2015లో పోయాడు. మా అప్ అప్ డౌన్ డౌన్ మంత్రానికి ఋషి కజుహిసా హషిమొతో. కొనామీ కంపెనీలో గ్రేడియస్ అనే ఆటని ఫ్యామికామ్‌కి మార్చేటప్పుడు, పరీక్షించడానికి ఆడాలంటే ఆయనకే కష్టంగా ఉండి, తనకోసం ఒక దొడ్డిదారి పెట్టుకున్నాడు. తీసేయడం మర్చిపోయాడు. కాంట్రాలో ఆ దారినే వెళ్తే ముప్పై లైఫులు. 2020 ఫిబ్రవరిలో హషిమొతో పోయారన్న వార్త చూసి బావకి ఫోన్ చేశాను. బావ ఇప్పుడు కాకినాడలో ఎరువుల వ్యాపారం. "ఎవర్రా ఆయన?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే ఆయనకీ కష్టంగానే ఉండేదన్నమాట" అన్నాడు. ఆ మాటలో ఎంత ఊరటో! ఇరవై రెండేళ్ళుగా తన ఆట మీద తనకున్న అనుమానం తీరిపోయినట్టు.

9999 ఆటల లెక్క కూడా తేల్చేస్తాను. నిజంగా ఉన్నవి ఏడు. మిగతా వేలన్నీ ఆ ఏడే, కొత్త పేర్లతో. మూడో స్టేజీ నుంచి మొదలైతే ఒక పేరు, మారియోకి ముందే పుట్టగొడుగు ఇచ్చేస్తే ఇంకో పేరు. ఒక వర్షాకాలమంతా నేను నోట్‌బుక్‌లో నంబర్లు రాసుకుంటూ నాలుగొందల దాకా వెళ్ళాను, ఎక్కడో ఒక కొత్త ఆట దాక్కుని ఉంటుందని. లేదు. ఈ ఒక్క మోసానికి మాత్రం నా దగ్గర క్షమాపణ లేదు.

ఉఎమురా 2021 డిసెంబరులో చనిపోయారు. జపాన్‌లో ఫ్యామికామ్ తయారీ 2003 దాకా సాగింది, ఇరవయ్యేళ్ళు. నకిలీల తయారీ ఎప్పుడు ఆగిందని అడక్కండి. మొన్న సంక్రాంతికి ముందు ఆన్‌లైన్‌లో వెతికితే అదే నల్ల పెట్టె, అదే పసుప్పచ్చ క్యాసెట్, అదే తుపాకీ. ఆర్డర్ పెట్టేశాను. తణుకు తీసుకెళ్ళాను.

హాల్లో ఇప్పుడు గోడకి పెద్ద ఎల్ఈడీ టీవీ ఉంది. మా అన్నయ్య పదేళ్ళ కూతురు తుపాకీ పట్టుకుని డక్ హంట్ మొదలుపెట్టింది. గడ్డిలోంచి బాతులు లేచాయి. కాల్చింది. తగల్లేదు. దగ్గరికెళ్ళి కాల్చింది. మేము చేసినట్టే గొట్టాన్ని తెరకి ఆనించి మరీ కాల్చింది. ఊహూ. "బాబాయ్, ఇది పాడైపోయింది."

పాడవలేదమ్మా అని మొదలుపెట్టాను. ఈ తుపాకీలోంచి ఏదీ బయటికి రాదు, వెలుతురు లోపలికి వెళ్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం మొత్తం నల్లబడుతుంది. మరుక్షణం బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ చివర ఉన్న సెల్ ముందు చీకటి, వెంటనే వెలుగు చూస్తే బాతు చచ్చినట్టు. ఏ లైటు వైపో గురిపెట్టి మోసం చేయకుండా ఆ చీకటి పరీక్ష. అయితే ఇదంతా పాత డబ్బా టీవీల కోసం. కొత్త టీవీ బొమ్మని అందుకుని, సర్దుకుని, కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. ఆలోగా తుపాకీ చూడాల్సిన క్షణం దాటిపోతుంది. ఎంత గురిచూసి కొట్టినా ఈ టీవీలో బాతు చావదు.

పిల్ల సగమే విని, మళ్ళీ కాల్చింది. మూడు గుళ్ళూ అయిపోయాయి, బాతు ఎగిరిపోయింది. గడ్డిలోంచి కుక్క తల పైకెత్తి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కిచకిచా నవ్వింది. వంటింట్లో అరిసెలు వత్తుతున్న అమ్మ ఆ చప్పుడు విని తలుపు దగ్గరికి వచ్చింది.

"ఆ కుక్క ఇంకా బతికే ఉందట్రా?"